బిడ్డ గదిలో చేపల తొట్టి - ఏ చేప కొనాలె?



మన పిల్లలు ఇప్పుడు చదువు కోసం ఊరు దాటి పోతున్నారు. కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ ఉంది. బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. జగిత్యాలలో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. కొందరు హాస్టల్‌లో ఉంటారు. కొందరు ముగ్గురు నలుగురు కలిసి ఒక గది కిరాయికి తీసుకుంటారు. పొద్దంతా కాలేజీ, రాత్రి పుస్తకాలు. ఇంటి దగ్గర ఉన్నట్టు కోడి ఉండదు, మేక ఉండదు, వాకిట్ల కుక్క ఉండదు. కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది.

"అమ్మా, గదిల చిన్న చేపల తొట్టి పెట్టుకుంటం. పైసలు పంపవా?"

మీరు ఏం జవాబు చెప్తారు? "సదువుకోను పోయినవా, చేపలు సాదను పోయినవా?" అంటారా? అనకండి. చిన్న తొట్టి తప్పు కాదు. దానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఒక ప్రాణిని వేళకు చూసుకోవడం పిల్లలకు మంచిదే. గని, పైసలు పంపే ముందు ఒక మాట అడగండి. "ఏ చేప కొంటున్నవు బిడ్డా?"

ఈ మాట ఎందుకు అడగాలి? చేపను సరిగా ఎంచుకోకపోతే రెండిట్లో ఒకటి జరుగుతుంది. నెల తిరగకముందే చేప చస్తుంది. లేదా అది బతికి, తొట్టి పట్టనంత పెరుగుతుంది. చచ్చిన చేపతో పిల్లల మనసు ఖరాబవుతుంది, పైసలు పోతాయి. పెరిగిన చేపను పిల్లలు పండుగకు ఊరికి తెచ్చి చెరువులో వదులుతారు. ఆ నష్టం ఊరందరిది. దాని సంగతి చివర్లో చెప్తాను.

దూడను చూసి కొట్టం కట్టరు

రంగు చేపల దుకాణానికి పోతే అన్ని చేపలూ చిన్నగానే కనిపిస్తాయి. వేలెడంత ఉంటాయి. అవన్నీ చిన్న జాతి చేపలే అనుకుంటాం. కాదు. వాటిలో చాలా వరకు ఇంకా పిల్లలే.

మీరు దూడను కొంటారు. అది పెరిగితే ఎంత బర్రె అవుతుందో మీకు తెలుసు. కొట్టం బర్రెకు సరిపోను కడతారు, దూడకు సరిపోను కాదు. చేపల తొట్టికి కూడా ఇదే లెక్క. దుకాణంలో చేప ఎంత ఉందో కాదు, ఏడాదికి ఎంత అవుతుందో చూడాలి.

కొన్ని చేపలు మీకు తెలిసినవే. పేరు మారింది, అంతే. కోయి అనే చేపను చూడండి. ఎరుపు, తెలుపు, నలుపు మచ్చలతో ముద్దుగా ఉంటుంది. జపాన్ దేశంలో రంగుల కోసం ఏరి ఏరి పెంచిన రకం అది. జాతి మాత్రం మన బంగారుతీగే. బంగారుతీగ చెరువులో కిలోల కొద్దీ పెరుగుతుందని మీకు నేను చెప్పాలా? అట్లాంటి దాన్ని గాజు డబ్బాలో పెడితే ఏం కావాలి?

ఇంకొకటి ఉంది. దుకాణం వాళ్లు దాన్ని 'షార్క్' అంటారు. బూడిద రంగులో నిగనిగలాడుతూ ఉంటుంది. షార్క్ అంటే సముద్రపు సొరచేప. ఇది సొరచేప కాదు, పంగాస్ చేప. ఆంధ్ర వైపు చెరువుల్లో పెంచి లారీల్లో ఎక్కిస్తారు. మన మార్కెట్లలో ముక్కలు కోసి అమ్ముతారు. అది మీటరు దాటి పెరగగల చేప. తొట్టిలో బెదిరితే అద్దానికి మూతి గుద్దుకుంటుంది.

గోల్డ్ ఫిష్ సంగతి చెప్తే పిల్లలు ఒప్పుకోరు. ఎందుకంటే సినిమాల్లో, బొమ్మల పుస్తకాల్లో గుండ్రటి గాజు గిన్నెలో ఉండేది అదే. నిజానికి చిన్న తొట్టికి అసలు పనికిరానిది అదే. అరచేయిని మించి పెరుగుతుంది. మంచిగా చూస్తే పదేళ్లకు పైన బతుకుతుంది. బాగా తింటుంది, తిన్నంత మలం వేస్తుంది. నీళ్లు తొందరగా పాడవుతాయి. గుండ్రటి గిన్నెలో నెలకో గోల్డ్ ఫిష్ చనిపోతుంటే పిల్లలు 'మా చేతి గుణం' అనుకుంటారు. చేతి గుణం కాదు, గిన్నె గుణం.

చేపకు గాలి ఎట్ల అందుతుంది?

చేప మొప్పలతో ఊపిరి తీస్తుంది. నీళ్లలో కరిగిన ప్రాణవాయువును మొప్పలు పట్టుకుంటాయి. ఆ ప్రాణవాయువు నీళ్లలోకి ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువగా పైనుంచి. నీళ్లకు, గాలికి తాకిడి ఉన్న చోటి నుంచి. అందుకే నిలువుగా ఎత్తుగా ఉన్న తొట్టి కన్నా, వెడల్పుగా ఉన్న తొట్టి మేలు. మూతి సన్నగా ఉండే గాజు గిన్నెలో నీళ్లు నిండుగా పోస్తే గాలి తగిలే చోటు ఇంకా తగ్గుతుంది.

ఇంకో సంగతి. నీళ్లు వేడెక్కితే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. 30 డిగ్రీలు అయితే ఏడున్నర మిల్లీగ్రాములే. చేపకేమో వేడిలో ఎక్కువ ప్రాణవాయువు కావాలి. అంటే ఖర్చు పెరిగినప్పుడే ఆమ్దానీ తగ్గినట్టు. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరవడం మీలో చాలామంది చూసి ఉంటారు. తొట్టిలో కూడా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంటే అది ఆకలి కాదు. గాలి ఆడట్లేదు అని అర్థం.

మన వైపు ఎండలు మీకు తెలుసు. ఆదిలాబాద్, మంచిర్యాల, కరీంనగర్‌లలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. చలికాలం చూస్తే ఆదిలాబాద్‌లో రాత్రి పూట 10 డిగ్రీల కిందికి పడిపోతుంది. ఇటు అంత వేడి, అటు అంత చలి. హైదరాబాద్‌లో బతికిన చేప ఆదిలాబాద్‌లో బతకాలని లేదు. కాబట్టి మన పిల్లలు చేపను ఎంచుకునేటప్పుడు రంగు కన్నా ముందు ఓర్పు చూడాలి.

కనపడని విషం

నీళ్లు తేటగా ఉంటే మంచి నీళ్లు అనుకుంటాం. చేపల తొట్టిలో ఈ మాట చెల్లదు. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. అది కంటికి కనపడదు. తొట్టి కొన్న రోజే డజను చేపలు వేస్తే వారం పది రోజుల్లో ఒక్కొక్కటి తేలడం మొదలవుతుంది. కారణం ఇదే.

ఈ విషాన్ని తినే మేలు చేసే సూక్ష్మజీవులు ఉన్నాయి. అవి రాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజి మీద మెల్లమెల్లగా పెరుగుతాయి. సరిపోను పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పాలు పెరుగు కావాలంటే ఏం చేస్తాం? తోడు వేస్తాం. తొట్టికి కూడా తోడు వేయవచ్చు. ఎవరి దగ్గరైనా మంచిగా నడుస్తున్న తొట్టి ఉంటే, అందులోని పాత స్పాంజి ముక్క ఒకటి తెచ్చి కొత్త తొట్టిలో వేయాలి. తోడు దొరకకపోతే ఓపిక పట్టాలి. మొదట రెండు మూడు చేపలే వేయాలి. నెల దాటాక మిగిలినవి.

స్పాంజిని నల్లా కింద పెట్టి సబ్బుతో తోమే పిల్లలు ఉంటారు. శుభ్రం మంచిదే గదా అనుకుంటారు. అట్ల తోమితే తోడు మొత్తం పోతుంది. తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని పిండాలి. సబ్బు తొట్టి దరిదాపుకు రావద్దు.

ఇక నీళ్లు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనకు అది మంచిది, రోగాలు రావు. చేప మొప్పలకు మాత్రం మంట. నల్లా నీళ్లు బకెట్‌లో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా ఉంచాలి. క్లోరిన్ గాలిలోకి పోతుంది. బోరు నీళ్లను కూడా ఒక రోజు నిలువ పెట్టి వాడితే మేలు. అప్పుడు వాటి వేడి గది వేడితో సమానం అవుతుంది. కొందరు పిల్లలు ప్రేమ కొద్దీ 20 లీటర్ల మినరల్ వాటర్ డబ్బా తెచ్చి పోస్తారు. వద్దు. ఆ నీళ్లలో లవణాలు చాలావరకు వడగట్టి తీసేస్తారు. చేపకు ఆ లవణాలు కావాలి.

తొట్టి ఎంత? చేపలు ఎన్ని?

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. పలక తీసుకోండి.

తొట్టి ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంది అనుకుందాం. చదువుకునే పిల్లల గదికి ఈ కొలత సరిపోతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న డబ్బాలో 28 లీటర్లు పడతాయి. మన తొట్టి దానికి ఒకటిన్నర రెట్లు. అంటే 42 లీటర్లు. పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచాలి గదా. సుమారు 36 లీటర్ల నీళ్లు ఉంటాయి.

నీళ్ల బరువు లీటరుకు కిలో. గాజు, రాళ్లు కలిపితే దగ్గర దగ్గర ఒక బియ్యం బస్తా బరువు. ప్లాస్టిక్ కుర్చీ మీద, ఊగే బల్ల మీద పెట్టవద్దు. కిటికీ ఎండలో కూడా పెట్టవద్దు. నీళ్లు వేడెక్కుతాయి, పాచి పడుతుంది.

ఒక అంగుళం చేపకు 4 లీటర్ల నీళ్లు అని ఒక పాత లెక్క ఉంది. ఇక్కడ అంగుళం అంటే పెరిగిన చేప పొడవు. ఒకటిన్నర అంగుళాల చేపలు ఆరు పెడితే మొత్తం 9 అంగుళాలు. 9 ని 4 తో గుణిస్తే 36. మన తొట్టికి సరిగ్గా సరిపోయింది.

"మరి 9 అంగుళాల చేప ఒక్కటి పెట్టవచ్చా?" అని అడగవచ్చు. మంచి ప్రశ్న. పెట్టరాదు. చేప పొడవు రెండింతలు అయితే బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. ఎందుకంటే అది పొడవుతో పాటు ఎత్తు, మందం కూడా పెరుగుతుంది. 2 ని 2 తో, మళ్లీ 2 తో గుణించి చూడండి. ఈ పాత లెక్క రెండు అంగుళాల లోపు చిన్న చేపలకే పనికి వస్తుంది.

ఏ చేపలు మంచివి?

నన్ను అడిగితే మొదటి పేరు జీబ్రా చేప. ఇది మన దేశపు చేపే. గంగా, బ్రహ్మపుత్ర నదుల వైపు వాగుల్లో, వరి మళ్లలో దొరుకుతుంది. 1822లో హామిల్టన్ అనే స్కాట్లాండ్ దొర గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఇప్పుడు ప్రపంచమంతా శాస్త్రవేత్తలు ప్రయోగశాలల్లో దీన్ని పెంచుతున్నారు. ఒంటి మీద తల నుంచి తోక దాకా నీలి చారలు ఉంటాయి. సుమారు ఒకటిన్నర అంగుళాలు పెరుగుతుంది. చలికి ఓర్చుకుంటుంది. 18 డిగ్రీల నీళ్లలో కూడా హుషారుగా తిరుగుతుంది. ఆదిలాబాద్ గదికి ఇంతకన్నా మంచి చేప లేదని నా అభిప్రాయం. గని రెండు మాటలు. ఇది ఒంటరిగా ఉండలేదు. ఆరు తగ్గకుండా గుంపుగా పెట్టాలి. మూత ఉండాలి, దుంకుతుంది.

రెండోది గప్పీ. దక్షిణ అమెరికా చేప. మగది చిన్నగా, రంగురంగుల తోకతో ఉంటుంది. ఆడది పెద్దగా, రంగు లేకుండా ఉంటుంది. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయని మన వైపు అందరూ అంటారు గదా? గప్పీకి ఆ నీళ్లే ఇష్టం. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. సుమారు నెలకో ఈత. ఒక్కసారి మగదానితో కలిస్తే చాలు, ఆ తర్వాత కొన్ని నెలల దాకా మగది లేకున్నా పిల్లల్ని కంటూనే ఉంటుంది. ఒక జత తెచ్చిన పిల్లలు ఆరు నెలలకు తొట్టి నిండా చేపలు చూసి తల పట్టుకుంటారు. అందుకని మగ గప్పీలే తెమ్మని చెప్పండి. ఐదారు మగవి పెడితే అందం ఉంటుంది, సంతానం ఉండదు.

గప్పీ దోమ పిల్లలను, అంటే నీళ్లలో తోక ఆడించే పురుగులను తింటుంది. మలేరియా శాఖ వాళ్లు బావుల్లో, తొట్లలో గప్పీని, గంబూసియా చేపను వేయించింది ఇందుకే. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టర్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. ఆదిలాబాద్ గూడేల్లో మలేరియా ఎంత బాధ పెట్టిందో అక్కడి అక్కలకు వేరే చెప్పనక్కర లేదు. ఇంటి ముందు సిమెంటు గోలెంలో నాలుగు గప్పీలు వేస్తే దోమ పిల్లలు మిగలవు. గోలెంలోనే, చెరువులో కాదు.

మూడోది ఫైటర్ చేప. థాయిలాండ్ వైపు వరి మళ్లలో పుట్టిన జాతి. దీనికి మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చే అర కూడా ఉంటుంది. నీళ్ల పైకి వచ్చి మనలెక్క గాలి మింగుతుంది. అందుకే పంపు లేకున్నా బతుకుతుంది. ఈ గుణం చూసి దుకాణాల్లో దీన్ని గ్లాసంత సీసాలో పెట్టి అమ్ముతారు. బతుకుతుంది గని, అది బతుకు కాదు. కనీసం ఒక బకెట్ నీళ్లు, 15, 20 లీటర్లు కావాలి. ఒక తొట్టిలో ఒక్క మగ ఫైటరే ఉండాలి. రెండు పెడితే చచ్చేదాకా కొట్టుకుంటాయి. దీనికి 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. కరీంనగర్ గదిలో ఏడాదిలో చాలా నెలలు సాగుతుంది. ఆదిలాబాద్ డిసెంబర్‌లో ముడుచుకుని అడుగున పడుకుంటుంది. హీటర్ లేకుంటే అక్కడ వద్దు. చాలా హాస్టళ్లలో హీటర్ పెట్టనివ్వరు.

ప్లాటీ కూడా మంచిదే. గప్పీ లాంటిదే, కొంచెం లావు. మోలీ ఇంకా పెద్దది, ఈ తొట్టికి ఎక్కువ. ఏంజెల్ చేప చిన్న చేపలను తింటుంది. టైగర్ బార్బ్ గప్పీ తోకలు కొరుకుతుంది. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది. వీటి జోలికి పోవద్దు.

మరి మన పొలం కాలువల్లో దొరికే పరకలు? చిన్న పరకలు తొట్టిలో బాగానే బతుకుతాయి. వాటి వెండి మెరుపు నాకైతే కొనుక్కొచ్చిన చేపల కన్నా బాగుంటుంది. గని బయటి చేపలకు పురుగులు, పుండ్లు ఉండవచ్చు. రెండు వారాలు వేరే బకెట్‌లో ఉంచి, బాగుంటేనే తొట్టిలో వేయాలి. కొర్రమట్ట పిల్లలను మాత్రం తేవద్దు. కుంటలో ఎర్రగా గుంపుగా తిరిగే ఆ పిల్లలను చూస్తే పట్టుకోవాలనిపిస్తుంది. కొర్రమీను మన రాష్ట్ర చేప, 2016లో ప్రకటించారు. వేటాడి తినే చేప. పక్క చేపలన్నిటినీ మింగి, మూత తోసుకుని బయటికి దుంకుతుంది.

కరెంటు, మేత, ఎండ

గాలి పంపు చిన్నది, సుమారు 5 వాట్లు. రాత్రింబగళ్లు నడిచినా నెలకు 4 యూనిట్లు దాటదు. గది ఓనర్‌కు ముందే ఈ లెక్క చెప్తే గొడవ ఉండదు. పంపును నీళ్ల మట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. కిందికి పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులో వెనక్కి వచ్చి పంపులోకి పోతాయి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి పోవాలి. అప్పుడు వైరు మీద జారిన నీటి బొట్టు కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. తొట్టిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయాలి. ఈ మాట బిడ్డతో రెండుసార్లు చెప్పించుకోండి.

మేత రోజుకు ఒకసారి చాలు. రెండు నిమిషాల్లో తిన్నంతే వేయాలి. నలుగురు ఉండే గదిలో నలుగురూ మేత వేస్తారు. ఒకరు వేసింది ఒకరికి తెలియదు. ఆకలితో చచ్చే చేపల కన్నా ఇట్ల చచ్చేవే ఎక్కువ. మేత డబ్బా ఒక్కరి దగ్గరే ఉండాలి.

వారానికి ఒకసారి పావు వంతు నీళ్లు తీసి, నిలువ పెట్టిన నీళ్లు పోయాలి. 36 లీటర్లలో పావు వంతు 9 లీటర్లు. మొత్తం నీళ్లు ఒక్కసారి మార్చవద్దు.

రేకుల గది అయితే ఎండాకాలం తొట్టి వద్దనే చెప్తాను. మధ్యాహ్నం ఆ గదిలో మనిషే ఉండలేడు. స్లాబు గది అయితే, తొట్టి మూత కొంచెం తీసి, జాలీ గుడ్డ కట్టి, నీళ్ల పైకి ఫ్యాన్ గాలి తగిలేటట్టు చూడాలి. నీళ్లు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడతాయి. రంజన్‌లో నీళ్లు చల్లబడేది ఈ కారణంతోనే. ఐసు గడ్డలు వేయవద్దు. ఒక్కసారి చల్లబడితే చేప తట్టుకోదు.

దుకాణంలో

చేప రెక్కలు విప్పి తిరుగుతుందా? ఒంటి మీద ఉప్పు రవ్వల వంటి తెల్ల చుక్కలు ఉన్నాయా? అదే తొట్టిలో చచ్చిన చేప ఏమైనా తేలుతుందా? ఒక్కటి తేలినా ఆ తొట్టి చేప వద్దు. కరీంనగర్‌లో కొని బస్సులో జగిత్యాల పోవాలంటే, సంచిలో ఒక వంతు నీళ్లు, రెండు వంతులు గాలి ఉంచమని చెప్పాలి. గదికి పోయాక సంచిని అట్లనే తొట్టి నీళ్లలో పావు గంట తేలనివ్వాలి. తర్వాత కొంచెం కొంచెం తొట్టి నీళ్లు సంచిలో కలిపి, అప్పుడు చేపను వదలాలి.

చివరికి దుకాణం వాళ్లు ఒక మాట అంటారు. "ఇది గూడ తీస్కపో, అద్దానికి పట్టిన పాచి మొత్తం తింటది." నల్లగా, గరుకుగా, నోరు అద్దానికి అతుక్కుని ఉండే చేపను చూపిస్తారు. సక్కర్ అంటారు. దీన్ని కొననే కొనవద్దు.

దయ్యం చేప

ఆ నల్ల చేపకే జాలర్లు పెట్టిన పేరు దయ్యం చేప. రాకాసి చేప అని కూడా అంటారు. దక్షిణ అమెరికా నదుల నుంచి రంగు చేపల వ్యాపారంలో మన దేశానికి వచ్చింది. దుకాణంలో రెండు అంగుళాలు ఉంటుంది. పెరిగితే మూరెడు అవుతుంది. తొట్టి చాలక, చంపడానికి మనసు రాక, జనం దాన్ని చెరువులో వదిలారు. కొందరు పుణ్యం వస్తుందని వదిలారు.

చెరువులో అది ఏం చేస్తుంది? ఒళ్లంతా డొప్పల వంటి గట్టి ఎముక పలకలు. రెక్కలకు గట్టి ముళ్లు. వాలుగ కూడా దాన్ని సులువుగా మింగలేదు. నీళ్లు లేకున్నా కొన్ని గంటలు బతుకుతుంది. చెరువు గట్టుకు బొరియలు చేసి గుడ్లు పెడుతుంది. మగది కాపలా ఉంటుంది. మన చేప పిల్లలు తినే పాచిని తింటుంది, గుడ్లు దొరికితే అవీ తింటుంది. వలలో పడితే ముళ్లతో వల చీరుకుపోతుంది. ఒక్క వల అల్లాలంటే ఎన్ని రోజులు పడుతుందో, కొనాలంటే ఎంత అవుతుందో గంగపుత్రుల, ముదిరాజుల ఇండ్లలో అడిగి చూడండి. పట్టిన చేపను కొనేవారేమో ఉండరు. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల ఇది వలలకు చిక్కింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల వైపు చెరువుల, వాగుల నీళ్లను పరీక్షించి, ఇది ఎంత దూరం పాకిందో లెక్క తీశారు.

ఒక్క చెరువుతో ఆగుతుందా అంటే ఆగదు. మన చెరువులు గొలుసు చెరువులు. వానాకాలం మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. అక్కడి నుంచి వాగుకు, వాగు నుంచి మానేరుకు, మానేరు నుంచి గోదావరికి. ఒక పిల్లవాడు పండుగ నాడు వదిలిన చేప పిల్లలు పది ఊర్ల అవతల తేలవచ్చు.

చెరువు మీద ఎంతమంది బతుకు ఉందో మీకు తెలుసు. 2016లో ప్రభుత్వం చెరువుల్లో చేప పిల్లలను ఉచితంగా వేసే పథకం మొదలుపెట్టింది. బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలు వానాకాలం చెరువులో పడితే, నీళ్లు తగ్గినప్పుడు సంఘం వాళ్లు వల వేస్తారు. గంపలో పెట్టుకుని అంగడికి పోయి అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. ఆ గంపలో సగం దయ్యం చేపలే వస్తే ఆ నాడు ఇంటికి ఏం తెస్తారు?

అందుకని తొట్టి చేప ఏదైనా సరే, గప్పీ అయినా సరే, చెరువులో, వాగులో, బావిలో వదలవద్దు.

సెలవులు వస్తే?

బతుకమ్మ, దసరా సెలవులకు పిల్లలు ఇంటికి వస్తారు. తొట్టి ఎట్ల? పెరిగిన చేప వారం రోజులు మేత లేకున్నా బతుకుతుంది. పోయే ముందు రోజు పావు వంతు నీళ్లు మార్చి, మూత పెట్టి, పంపు నడవనిచ్చి రావాలి. వారం మేత ఒక్కసారే వేసి రావద్దు. అది కుళ్లి నీళ్లు పాడవుతాయి. సెలవులు వారం దాటితే పక్క గదిలో ఉండేవాళ్లకు చెప్పి రావాలి. ఒక్కో రోజు మేతను చిన్న కాగితం పొట్లం కట్టి, మూడు నాలుగు పొట్లాలు ఇవ్వాలి. డబ్బా ఇవ్వవద్దు.

ఎండాకాలం సెలవులు రెండు నెలలు. అప్పుడు చేపలను ఎవరు తీసుకుంటారో కొనే నాడే అడిగి పెట్టుకోవాలి. కొందరు దుకాణం వాళ్లు వెనక్కి తీసుకుంటారు. ఊరి బడిలో తొట్టి ఉంటే అక్కడ ఇవ్వవచ్చు. చిన్న బకెట్‌లో ఇంటికి తెచ్చి, నీడన ఉన్న గోలెంలో గప్పీలను, జీబ్రాలను పెంచవచ్చు. పిట్టలు, పిల్లులు ముట్టకుండా పైన జాలీ వేయాలి.

చేప చచ్చిపోతే మోరీలో వేయవద్దు. చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చాలి. తొట్టి నుంచి తీసిన పాత నీళ్లను కూడా పారబోయకండి. చేపలకు పనికిరానిది చెట్లకు ఎరువు. మల్లెచెట్టుకు, కరివేపాకు చెట్టుకు పోస్తే బాగా చిగురిస్తాయి.